ఆమె పేరు అడిగే థెరపిస్టు దగ్గరికి వెళ్లండి

ప్రశ్న: నా వయసు 67. ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. 29 ఏళ్లు ఒక స్త్రీతో కలిసి జీవించాను. లోకం దృష్టిలో మేము ఒకే ఇంట్లో ఉంటున్న సహోద్యోగులం, స్నేహితులం. మేము ఒకరికొకరం ఏమవుతామో మా ఇద్దరికే తెలుసు. ఎనిమిది నెలల క్రితం ఆమె కన్నుమూసింది. అంత్యక్రియలప్పుడు ఆమె అన్నదమ్ముల కుటుంబాలు ముందు నిలబడితే, నేను ఇరుగుపొరుగు వారితో కలిసి వెనక నిలబడ్డాను. నిద్ర పట్టడం లేదు. మతిమరుపు ఎక్కువైంది. ఎవరినీ చూడాలనిపించడం లేదు. మా డాక్టరు "వయసు కదా" అని నిద్రమాత్రలు రాశారు. ధైర్యం చేసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు తవ్వుకోవడం అమ్మా, మనసును వేరే వాటి మీదకు మళ్లించుకోండి" అన్నారు. మళ్లీ వెళ్లలేదు. నాలాంటి వారి మాటను తప్పుపట్టకుండా వినే థెరపిస్టులు నిజంగా ఉంటారా? ఉంటే ముందుగా ఎలా తెలుసుకోవాలి? ఈ వయసులో థెరపీ వల్ల ఒరిగేదేమైనా ఉందా? అసలు నా సంగతి చెప్పకుండా నిద్ర సంగతి మాత్రమే చెబితే సరిపోదా?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నందుకు ముందుగా మీకు నా సానుభూతి. ఈ ఎనిమిది నెలల్లో ఈ మాట మీతో ఎవరూ అని ఉండరు. అందుకే మీ ప్రశ్నలకు జవాబులు చెప్పే ముందు దీన్ని రాస్తున్నాను.

ఇక ఆ కౌన్సెలర్ విషయం. 29 ఏళ్లు కాపురం చేసి భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఎదురుగా కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటే, ఆవిడ ఆమెతో "ఇవన్నీ ఎందుకు తవ్వుకోవడం" అని ఉండేవారా? అనేవారు కాదు. మీతో అన్నారు. ఆవిడ మిమ్మల్ని తిట్టలేదు, చీదరించుకోలేదు. తాను మృదువుగానే మాట్లాడానని బహుశా ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు. కానీ ఆ ఒక్క వాక్యంలో రెండు తీర్పులు ఉన్నాయి. మీ ప్రేమ బయటికి తీయకూడని వస్తువు అన్నది ఒకటి. 67 ఏళ్ల మనిషి దుఃఖానికి చికిత్స అవసరం లేదన్నది రెండోది. మెత్తగా చెప్పిన తీర్పు మరీ లోతుగా దిగుతుంది, ఎందుకంటే దానికి ఎదురు చెప్పడానికి మనకు పట్టు దొరకదు. మీరు అక్కడికి మళ్లీ వెళ్లకపోవడం పిరికితనం కాదు. వెళ్లవలసిన పని కూడా లేదు. థెరపీ అంటే అదేనని మాత్రం దయచేసి అనుకోకండి.

మీ నిద్ర, మీ మతిమరుపు, మనుషులను చూడాలనిపించకపోవడం, ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చి ఉంటాయో ఆలోచిద్దాం. ఆప్తులు పోయినప్పుడు మనుషులు తేరుకునేది ఎలా? పోయినవారి గురించి పదిమందితో పదేపదే చెప్పుకుని. ఎలా పోయారో, చివరి మాట ఏమన్నారో, అంతకుముందు వారం ఎలా ఉన్నారో, విసుగు లేకుండా వినేవారికి చెప్పుకుని. మీకు ఆ అవకాశమే దక్కలేదు. ఇంట్లో మనిషి పోతే, "సహోద్యోగి పోయింది" అన్నంత మేరకే మీరు ఏడవగలిగారు. అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1980ల చివర్లో దీని గురించి వివరంగా రాశారు. సమాజం నష్టంగా లెక్కించని నష్టం వల్ల కలిగే దుఃఖం ఇది. ఓదార్చేవారు ఉండరు, సెలవు ఉండదు, పోయినవారి వస్తువుల మీద హక్కు ఉండదు. పైగా ఏడుపును ఎంతవరకు బయటపెట్టాలో లెక్క చూసుకుంటూ ఉండాలి. మీరు వెనక వరుసలో నిలబడి ఎంత జాగ్రత్తపడి ఉంటారో నేను ఊహించగలను.

ఎనిమిది నెలలైనా తేరుకోలేదేమిటని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. దుఃఖం ఆరు నెలలు దాటాక కూడా రోజువారీ బతుకును కదలనివ్వనంత తీవ్రంగా ఉంటే, దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ గుర్తిస్తుంది. అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ ఏడాది ఆగమంటుంది. మీది అటువంటి స్థితేనా, డిప్రెషనా, లేక చెప్పుకోవడానికి మనిషి లేక గడ్డకట్టిన మామూలు దుఃఖమా అన్నది ఉత్తరం చూసి తేల్చేది కాదు. మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఓపికగా విని తేల్చవలసిన విషయం. అందుకే మంచి థెరపిస్టు కావాలంటున్నాను.

నిద్ర, మతిమరుపుల గురించి ఒక మాట. "వయసు కదా" అన్నది రోగనిర్ధారణ కాదు. పెద్ద వయసులో డిప్రెషన్ చాలాసార్లు దిగులు రూపంలో కాకుండా నిద్రలేమిగా, ఒంటినొప్పులుగా, మతిమరుపుగా కనిపిస్తుంది. డిప్రెషన్ వల్ల వచ్చిన మతిమరుపును డిమెన్షియాగా పొరబడటం వైద్యులకు తెలిసిన చిక్కే. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి రక్తపరీక్షలు చేయించమని మీ డాక్టరును అడగండి. రాసిన నిద్రమాత్ర ఏ తరగతిదో కూడా అడగండి. బెంజోడయాజెపీన్ తరగతి మందులు పెద్దవారిలో తూలిపడే ప్రమాదాన్ని, మతిమరుపును పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయవద్దు. అది ఇంకా ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఇప్పుడు "ఈ వయసులో ఒరిగేదేమైనా ఉందా" అన్న ప్రశ్న. ఈ సందేహం మీకు ఊరికే రాలేదు. మనోవిశ్లేషణకు మూలపురుషుడైన సిగ్మండ్ ఫ్రాయిడే 1904లో ఒక ఉపన్యాసంలో, 50 ఏళ్ల దరిదాపులకు వచ్చినవారి మనసులో మార్పుకు లొంగే గుణం తగ్గిపోతుందని, వారికి తన చికిత్స పనికిరాదని అన్నారు. అప్పటికి ఆయన వయసు 48. ఆ తర్వాత 83వ ఏట మరణించే సంవత్సరం దాకా కొత్త ఆలోచనలు రాస్తూనే ఉన్నారు. ఆ మాట తప్పని ఆయన జీవితమే చూపించింది. అయినా అది వృత్తిలో చాలాకాలం పాతుకుపోయింది. దాన్ని గట్టిగా ఎదిరించినవారిలో అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ ముఖ్యులు. వయసును బట్టి మనిషిని తక్కువ చేసి చూడటం కూడా ఒక వివక్షేనని 1969లో దానికి పేరు పెట్టింది ఆయనే. అంతకు ముందే, 1963లో, వృద్ధులు గతాన్ని తిరగేసుకోవడం చాదస్తం కాదని, జీవితాన్ని సమీక్షించుకుని ఒక కొలిక్కి తెచ్చుకోవడానికి మనసు చేసే అవసరమైన పని అని రాశారు. మీ కౌన్సెలర్ వద్దన్న పని సరిగ్గా ఇదే. పెద్ద వయసువారిలో డిప్రెషన్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) పనిచేస్తుందని తేలింది. మనుషుల మధ్య సంబంధాల మీద దృష్టి పెట్టే, 1970ల్లో రూపుదిద్దుకున్న ఇంటర్‌పర్సనల్ థెరపీ పట్టించుకునే నాలుగు అంశాల్లో ఆప్తుల మరణం ఒకటి. కాబట్టి ఒరిగేది ఉంది. పోయిన మనిషి తిరిగి రాదు. కానీ నిద్ర రావచ్చు, ఆకలి రావచ్చు, ఆమెను తలచుకున్నప్పుడు ఊపిరి ఆగిపోకుండా తలచుకోగలిగే స్థితి రావచ్చు.

మీ భయానికి ఇంకో మూలం కూడా ఉంది, దాన్ని దాటవేయను. మీరు పుట్టి పెరిగిన కాలంలో, ఒక స్త్రీ మరో స్త్రీని ప్రేమించడాన్ని మానసిక వైద్యశాస్త్రమే జబ్బుగా రాసిపెట్టింది. 1957లోనే మనస్తత్వవేత్త ఎవెలిన్ హుకర్ 30 మంది స్వలింగ ప్రేమికులైన పురుషుల, 30 మంది ఇతర పురుషుల మానసిక పరీక్షల ఫలితాలను పేర్లు తెలియకుండా నిపుణుల ముందు పెడితే, ఎవరు ఎవరో వారు పోల్చుకోలేకపోయారు. అయినా జబ్బుల జాబితా మారడానికి చాలా ఏళ్లు పట్టింది. 1972లో డల్లాస్‌లో జరిగిన అమెరికన్ మానసిక వైద్యుల సమావేశంలో జాన్ ఫ్రైయర్ అనే మానసిక వైద్యుడు తాను గేనని చెప్పడానికి ముఖానికి మాస్కు, తలకు విగ్గు పెట్టుకుని, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకులో మాట్లాడవలసి వచ్చింది. వైద్యుడికే అంత భయం. మరుసటి ఏడాది, 1973 డిసెంబరులో, ఆ సంఘం దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది 1990 మే 17న. అప్పటికి మీరు ముప్ఫైల్లో ఉన్నారు. అంటే మీ యవ్వనమంతా మీ మనసు ఒక రోగాల పుస్తకంలో నమోదై ఉంది. అటువంటి తరం మనిషి మానసిక చికిత్స గది తలుపు తట్టడానికి జంకితే అందులో వింత ఏముంది? మీరు ఆ తలుపు తట్టారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే.

స్వలింగ ప్రేమను మార్చేస్తామని చెప్పి చేసే కన్వర్షన్ థెరపీ ఇంకా అక్కడక్కడా ఉంది. దాని వల్ల ఎవరి ప్రేమా మారదు, మనిషికి హాని మాత్రం జరుగుతుంది. కొందరు మారారని 2003లో వ్యాసం ప్రచురించిన రాబర్ట్ స్పిట్జర్ అనే ప్రముఖ మానసిక వైద్యుడు, ఆ నిర్ధారణ చెల్లదని ఒప్పుకుని 2012లో క్షమాపణ చెప్పారు. మీ వయసులో ఎవరూ ఆ మాట ఎత్తకపోవచ్చు. ఎత్తితే వెంటనే లేచి వచ్చేయండి. ఫీజు కట్టేశానే అని ఆగవద్దు.

మరి మంచి థెరపిస్టు ఎలా ఉంటారు? మొదటి రోజు చేతికిచ్చే వివరాల పత్రం దగ్గరే కొంత తెలుస్తుంది. వివాహిత, అవివాహిత, వితంతువు అని మూడు గడులు పెట్టి ఒకదానిలో టిక్కు పెట్టమంటే మీరేం చేస్తారు? "అవివాహిత" దగ్గర టిక్కు పెట్టిన ఆ క్షణంలోనే 29 ఏళ్లు కొట్టివేతకు గురవుతాయి, ఇంకా థెరపీ మొదలవకముందే. ఆలోచన ఉన్నవారి పత్రంలో "భాగస్వామి" అన్న గడి ఉంటుంది, లేదా మీ మాటల్లో రాసుకోవడానికి ఖాళీ గీత ఉంటుంది. లోపలికి వెళ్లాక "మీవారు ఏం చేసేవారు, పిల్లలెంతమంది" అని కాకుండా, "మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, మీకు బాగా దగ్గరివారు ఎవరు" అని అడుగుతారు. మీరు చెప్పాక మౌనంలోకి జారిపోరు. "ఆమె పేరేమిటి?" అని అడుగుతారు. ఎలా కలిశారో, ఎవరు ముందు మాట కలిపారో, జబ్బు చేసినప్పుడు రాత్రుళ్లు మెలకువగా ఉండి ఎవరు చూసుకున్నారో అడుగుతారు. ఏ భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారిని అడిగినట్టే.

"నాకు అందరూ సమానమే" అనే థెరపిస్టులు చాలామంది దొరుకుతారు. అది మంచి మాటే, కానీ చాలదు. మనిషిని షరతులు లేకుండా గౌరవించడం థెరపీకి పునాది అని అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1950ల్లోనే చెప్పారు. దానితోపాటు మీ జీవితం ఎలా నడిచిందో తెలిసిన జ్ఞానం కూడా కావాలి. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే రెండో గదిలో మంచం మీద దుప్పటి సర్దడం, గోడమీది ఫోటో తీసి లోపల పెట్టడం, ఫోనులో మాట్లాడేటప్పుడు "మేము" అనబోయి "నేను" అనడం. ఇలా 29 ఏళ్లు ప్రతి రోజూ జాగ్రత్తగా మసలుకున్న మనిషి ఒంట్లో, మనసులో ఆ అలసట ఉండిపోతుంది. మైనారిటీ వర్గాల మీద పడే ఈ అదనపు ఒత్తిడి వారి మానసిక ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో ఒక నమూనాగా వివరించారు. ఇది తెలిసిన థెరపిస్టు మీలో లోపం వెతకరు, మీరు మోసిన బరువును చూస్తారు.

ఇంకో రకం వారి విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. మిమ్మల్ని ఆదరిస్తున్నామనే ఉత్సాహంలో, "ఇప్పుడైనా అందరికీ చెప్పేయండి, దాచుకోవడమే మీ సమస్య" అని తొందరపెట్టేవారు కొందరుంటారు. ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీ ఇష్టం. మీరు దాచింది సిగ్గుతో మాత్రమే కాదు. ఉద్యోగం, ఇల్లు, ఆమె క్షేమం, ఎన్నో కాపాడుకోవడానికి దాచారు. ఆ వివేకాన్ని గౌరవించలేనివారు మీకు పనికిరారు. అలాగే నిద్ర గురించి చెప్పినా, మోకాలి నొప్పి గురించి చెప్పినా తిప్పి తిప్పి మీ ప్రేమ దగ్గరికే తెచ్చేవారు కూడా.

చెప్పకుండా నిద్ర సంగతి మాత్రమే మాట్లాడితే సరిపోదా అన్నారు. అలా మొదలుపెట్టవచ్చు. మొదటి రోజే అంతా విప్పి చెప్పాలని నియమమేమీ లేదు. "నాకు చాలా దగ్గరి మనిషి పోయింది, ఆ వివరాలు తర్వాత చెబుతాను" అంటే మంచి థెరపిస్టు ఆగుతారు. కానీ చివరి దాకా చెప్పకపోతే, ఇప్పటిదాకా లోకంతో చేసిన పనినే ఆ గదిలోనూ చేస్తారు. ప్రతి వాక్యం ముందు ఆగి, సరిచూసుకుని మాట్లాడతారు. మనసు విప్పుకోవడానికి వెళ్లిన గంట కూడా కాపలాలోనే గడిచిపోతుంది. నిద్ర గురించి కొన్ని మెళకువలు దొరకవచ్చు, దుఃఖం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నమ్మకం కుదిరాక చెప్పండి. అదే నా సలహా.

గోప్యత గురించి మొదటి రోజే తేల్చుకోండి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు తప్ప మీ మాట బయటికి పోకూడదు. పెద్దవారి విషయంలో వైద్యరంగంలో ఒక చెడ్డ అలవాటు ఉంది. మనిషి ఎదురుగా ఉండగానే తోడు వచ్చిన కొడుకుతోనో మేనల్లుడితోనో మాట్లాడతారు. అందుకే, "నా గురించి నా బంధువులు ఎవరు ఫోను చేసినా, నేను రాసి ఇస్తే తప్ప ఏమీ చెప్పవద్దు" అని స్పష్టంగా అనండి. మీ రికార్డులో ఏం రాస్తారో, దాన్ని ఎవరు చూస్తారో అడగండి. అడగడం మీ హక్కు.

బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం వీటన్నిటి కోసం ఆగవద్దు. ఆ రోజే దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికో, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోను చేయండి.

మీలాంటి ఉత్తరాలే రాయాలనుకుంటూ ఆగిపోయిన పాఠకులు ఇంకా ఉంటారు. పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తాను గేనని తనకు తాను ఒప్పుకున్న పురుషులు ఉంటారు. అరవై దాటాక ట్రాన్స్‌జెండర్‌గా జీవించాలనుకునేవారు ఉంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ట్రాన్స్ వ్యక్తుల స్థితిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేశారు. వారికి కూడా ఇక్కడ రాసినదంతా వర్తిస్తుంది.

ఇక వెతకడం. ఎల్జీబీటీక్యూ (లెస్బియన్, గే, ట్రాన్స్‌జెండర్ మొదలైన) వ్యక్తుల కోసం పనిచేసే సంస్థల దగ్గర సాధారణంగా నమ్మకమైన థెరపిస్టుల జాబితా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. దగ్గరలో ఎవరూ లేకపోతే ఫోను ద్వారా, వీడియో ద్వారా మాట్లాడేవారిని చూడండి. తెలిసినవారు కనిపిస్తారేమోనన్న భయం కూడా అందులో తక్కువ. క్లినికల్ సైకాలజిస్టా, సైకియాట్రిస్టా, కౌన్సెలరా, ఏ శిక్షణ పొందారు, లైసెన్సు ఉందా అని అడగండి. సమయం తీసుకునే ముందు ఐదు నిమిషాలు ఫోనులో మాట్లాడతామనండి. ఆ ఫోనులో మీ పేరు చెప్పనక్కరలేదు. ఇలా అడిగితే చాలు: "నా వయసు 67. నా జీవిత భాగస్వామి చనిపోయింది. మేమిద్దరం స్త్రీలం. ఇలాంటి వారితో మీరు ఇంతకుముందు పనిచేశారా? నా వయసు వారితో పనిచేశారా?" నోటమాట రాదనిపిస్తే కాగితం మీద రాసుకుని చదవండి. అవతలి జవాబులో తడబాటు ఉన్నా తప్పులేదు, తెలియదని నిజాయితీగా చెప్పి నేర్చుకుంటామనేవారు కూడా కొన్నిసార్లు మంచి థెరపిస్టులే. ఉపదేశం మొదలైతే మాత్రం ఫోను పెట్టేసి జాబితాలో తర్వాతి పేరుకు చేయండి. ఒకరు కుదిరాక కూడా మూడు నాలుగుసార్లు వెళ్లి చూసి, లోపల బిగుసుకుపోయినట్టే ఉంటే మార్చుకోండి. సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం లేదు.